మనం చదవకుండా వదిలేసే ఆ రెండో వాక్యం

జీఆర్ఈ రాసినవాళ్ళకీ, రాద్దామని మొదలెట్టి మధ్యలో వదిలేసినవాళ్ళకీ (మన బ్యాచ్‌ల్లో రెండో రకమే ఎక్కువ లెండి) బ్యారన్స్ పుస్తకాన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. మూడువేల ఐదువందల మాటలు. అబేస్, అబాష్, అబేట్ అంటూ మొదలవుతుంది. 2011 ఆగస్టులో పరీక్ష పద్ధతి మార్చి యాంటనిమ్స్, అనాలజీస్ తీసేసేదాకా ఆ లిస్టు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒక పారాయణ గ్రంథం. హాస్టల్ గోడలకి అంటించిన కాగితాలు, అమీర్‌పేటలో జిరాక్సు కాపీలు, రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్టలు... అన్నీ గుర్తున్నాయి కదా.

అయితే ఒక విషయం గమనించారా? ఆ పుస్తకంలో ప్రతి మాటకీ అర్థంతో పాటు ఒక ఉదాహరణ వాక్యం కూడా ఉండేది. మనవాళ్ళు చేత్తో రాసుకున్న కార్డుల్లో ముందుగా ఎగిరిపోయేది ఆ వాక్యమే. కార్డుకి ఒకవైపు మాట, రెండోవైపు ఇంకో మాట. మధ్యలో కనపడని ఒక 'ఈక్వల్ టు' గుర్తు. ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే 'రోజుకి పది మాటలు' బొమ్మల్లో కూడా ఇదే తంతు.

ఆ వాక్యం అక్కడికి ఊరికే రాలేదు. అది డిక్షనరీలో చేరడం వెనక మూడు నాలుగు వందల ఏళ్ళ కథ ఉంది. అందులో ఒక ముఖ్యమైన ఘట్టం ఢాకాలో, ఇంకొకటి జపాన్‌లో జరిగాయి. మన లాహోరు (అప్పటికి మనదే) ఊసు కూడా వస్తుంది.

మొదట్నుంచీ వద్దాం. ఇంగ్లీషుకి ఇంగ్లీషులోనే అర్థాలు చెప్పిన మొదటి డిక్షనరీగా అందరూ ఒప్పుకునేది 1604లో రాబర్ట్ కాడ్రీ అనే బడిపంతులు వేసిన 'ఎ టేబుల్ ఆల్ఫబెటికల్'. సుమారు రెండున్నర వేల మాటలు. అన్నీ కష్టమైనవే, లాటిన్, గ్రీకు, హీబ్రూ, ఫ్రెంచి భాషల నుంచి వచ్చిపడ్డవి. లాటిన్ బడికి వెళ్ళే అవకాశం లేని ఆడవాళ్ళూ, పెద్దగా చదువుకోనివాళ్ళూ ఆ మాటలు చర్చిలోనో పుస్తకంలోనో ఎదురైతే తడబడకుండా ఉండాలన్నది పంతులుగారి ఉద్దేశం. మాటకి ఎదురుగా ఒకటో రెండో తేలిక మాటలు. అంతే, వాక్యాలు లేవు. అంటే మన ఫ్లాష్ కార్డుకి మూలపురుషుడు కాడ్రీయే. ఆ పుస్తకం మొదటి ముద్రణ ప్రతి ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద ఒక్కటే మిగిలింది, ఆక్స్‌ఫర్డ్ బాడ్లియన్ లైబ్రరీలో.

మనకీ ఇలాంటిది అంతకుముందే ఉంది. అమరకోశం. ఒక అర్థానికి ఎన్ని మాటలున్నాయో శ్లోకాల్లో కట్టి కంఠస్థం చేయించడం. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహం అదే దారి. కాకపోతే ఒక తేడా ఉంది, దాన్ని చిన్నచూపు చూడకూడదు. అమరం వల్లెవేసిన కుర్రాడు అక్కడితో ఆగడు. వెంటనే కావ్యాలు మొదలెడతాడు. వల్లించిన ప్రతి మాటా తర్వాత ఏదో పద్యంలో ఎదురవుతుంది. అంటే ఉదాహరణ వాక్యాలు వేరే పుస్తకంలో ఉన్నాయన్నమాట. మనం జీఆర్ఈ లిస్టుని అమరకోశంలా వల్లించాం గానీ కావ్యాల భాగం మాత్రం ఎగ్గొట్టాం.

తర్వాత శామ్యూల్ జాన్సన్. 1746లో లండన్ పుస్తకాల వ్యాపారులు 1500 గినీలకి ఆయనతో ఒప్పందం చేసుకున్నారు. మూడేళ్ళలో అయిపోతుందన్నాడు, తొమ్మిదేళ్ళు పట్టింది (ప్రాజెక్ట్ ఎస్టిమేషన్ ఆ రోజుల్లోనూ అంతే). 1755లో బయటికొచ్చిన ఆ డిక్షనరీలో మాటలు 42,773. వాటికింద ఉదాహరణలు దాదాపు లక్షా పద్నాలుగు వేలు. షేక్స్‌పియర్, మిల్టన్, డ్రైడెన్, బైబిల్ లాంటివి చదువుతూ మాటల కింద గీతలు గీసేవాడు, గుమాస్తాలు వాటిని కాగితాల మీదకి ఎత్తి రాసేవాళ్ళు. ఈ ఆలోచన ఆయన సొంతం కాదు, ఇటలీలో క్రుస్కా అకాడెమీ వాళ్ళు 1612లోనే రచయితల వాక్యాలు ఇస్తూ ఇటాలియన్ నిఘంటువు వేశారు. కానీ ఇంగ్లీషులో ఇంత భారీ ఎత్తున చేసింది జాన్సనే. మాటకి ఏ అర్థం ఉందో పండితుడు చెప్పడం కాదు, దాన్ని వాడినవాళ్ళు సాక్ష్యం చెప్పాలి అన్న పద్ధతి ఇక్కడ స్థిరపడింది. ఆయన సాక్షులంతా గొప్పవాళ్ళే, వీధిలో వాళ్ళు కాదు. అది వేరే సంగతి.

జాన్సన్ ఒక మనిషి చేసిన పనిని వందల మందితో చేయించినవాళ్ళు ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ వాళ్ళు. 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీలో ఆలోచన పుట్టింది. వాలంటీర్లు ఇంట్లో కూర్చుని పుస్తకాలు చదవాలి, కనపడ్డ మాటని ఒక చీటీ మీద రాయాలి, దాని కింద తేదీ, రచయిత, పుస్తకం పేరు, పేజీ, మొత్తం వాక్యం. మనం ఇప్పుడు క్రౌడ్ సోర్సింగ్ అని ముద్దుగా పిల్చుకునేది ఇదే, స్టాంపులంటించి మరీ. పంపినవాళ్ళలో పిచ్చాసుపత్రిలో బందీగా ఉన్న ఒక అమెరికన్ ఆర్మీ సర్జన్ కూడా ఉన్నాడు. ఆయన మీద పుస్తకమూ సినిమా కూడా వచ్చాయి కాబట్టి వదిలేస్తున్నా.

నాకు ఎక్కువ నచ్చేది 1879 నాటి సంగతి. జేమ్స్ మర్రే అనే స్కూలు మాస్టారు ఎడిటర్‌గా బాధ్యత తీసుకున్నాడు. పాత ఎడిటర్ల దగ్గర్నుంచి సుమారు రెండు టన్నుల చీటీలు బస్తాల్లో దిగాయి. ఒక బస్తాలో చచ్చిన ఎలుక, ఇంకోదాంట్లో పిల్లలతో సహా కాపురం పెట్టిన చిట్టెలుక. 'హెచ్' అక్షరం మొత్తం ఇటలీలో ఫ్లోరెన్స్‌లో తేలింది. లెగసీ సిస్టమ్ మైగ్రేషన్ చేసినవాళ్ళకి ఆయన బాధ అర్థమవుతుంది :)

ఎలుకల్ని మించిన సమస్య ఇంకోటి ఆ చీటీల్లో బయటపడింది. 'అబ్యూజన్' అనే ఎవరూ వాడని పాత మాటకి యాభై దాకా చీటీలున్నాయి. రోజూ అందరూ వాడే 'అబ్యూజ్' కి ఐదు కూడా లేవు! చదివేవాళ్ళకి వింత మాటే కనపడుతుంది, మామూలు మాట మీదుగా చూపు జారిపోతుంది. అందుకని మర్రే కొత్తగా విజ్ఞప్తి వేస్తూ, అరుదైనవే కాదు మామూలు మాటలు కూడా పట్టుకోండయ్యా అని వాలంటీర్లని బతిమాలుకున్నాడు. నూట నలభై ఏళ్ళ కిందటి ఆ జబ్బు మనకింకా పోలేదు. 'పర్స్‌పికేషియస్' కి అర్థం తెలిసిన కుర్రాడికి 'గెట్', 'టేక్', 'పుట్' లతో ఎన్ని పనులు చెయ్యొచ్చో తెలీదు. ఫోన్ కాల్‌లో మాత్రం కావల్సింది ఆ గెట్టూ టేకూ పుట్టులే.

ఆ డిక్షనరీ మొదటి భాగం 1884లో, ఆఖరిది 1928లో వచ్చాయి. మర్రే 1915లోనే పోయాడు. అచ్చయిన ఉదాహరణలు పద్దెనిమిది లక్షల పైచిలుకు.

ఇక్కడ ఒక్క నిమిషం బ్రౌన్ దొరని తల్చుకోకపోతే తప్పు. 1852లో మద్రాసులో అచ్చయిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తే, చాలా మాటల కింద ఏ కావ్యంలో ఎక్కడ వాడారో గుర్తులుంటాయి, వేమన ఉంటాడు, పండితులు ముట్టుకోని వాడుకమాటలుంటాయి. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళకి ఆలోచన రావడానికి ఐదేళ్ళ ముందే అది అచ్చులో ఉంది. తర్వాత బహుజనపల్లి సీతారామాచార్యులు గారి శబ్దరత్నాకరం (1885), ఆపైన పిఠాపురం రాజావారి పోషణలో సూర్యరాయాంధ్ర నిఘంటువు కూడా ప్రయోగాలు ఇస్తూనే వచ్చాయి. తెలుగు నేర్చుకునేవాళ్ళకి ఇంత చేసిన మనం, ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు మాత్రం మాటకి మాట పెట్టే చిన్న డిక్షనరీలతో సరిపెట్టుకున్నాం. అన్నట్టు ఇంగ్లీషు 'బ్యాండికూట్' మన పందికొక్కే, తెలుసా? ఎగుమతి చేసినవాటిలో అదొకటి.

సరే, ఇంతవరకూ చెప్పిన డిక్షనరీలన్నీ ఇంగ్లీషు వచ్చినవాళ్ళ కోసం. రానివాళ్ళ సంగతి పట్టించుకున్న మనిషి మైకేల్ వెస్ట్. ఇండియన్ ఎడ్యుకేషన్ సర్వీసులో ఉంటూ ఢాకాలో టీచర్స్ ట్రైనింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. 1926లో బెంగాల్ పిల్లల ఇంగ్లీషు చదువు మీద 'బైలింగ్వలిజం' అని ఒక పెద్ద రిపోర్టు రాశాడు. ఆయన చూసింది ఏమిటంటే, బడిలో చేరినవాళ్ళలో చాలామంది మధ్యలోనే మానేస్తున్నారు. పదేళ్ళ కోర్సు చివర్లో ఎక్కడో ఫలితం దక్కేలా పాఠాలున్నాయి. రెండేళ్ళకో మూడేళ్ళకో మానేసినవాడికి చేతికి వచ్చేది సున్నా. దీనికి ఆయన వాడిన మాట 'సరెండర్ వాల్యూ'. ఎల్ఐసీ పాలసీ మధ్యలో ఆపేస్తే ఎంతొస్తుంది అని అడుగుతాం చూడండి, అదే. చదువుకీ సరెండర్ వాల్యూ ఉండాలి, ఏ ఏడాది మానేసినా అప్పటిదాకా నేర్చుకున్నది ఎందుకో ఒకందుకు పనికిరావాలి అన్నాడు.

ఈ ఒక్క ఆలోచనకి ఆయనకి దణ్ణం పెట్టొచ్చు. ఎందుకంటే మన దగ్గర జిల్లాల్లో తెలుగు మీడియం చదివి బీటెక్ దాకా వచ్చినవాళ్ళ ఇంగ్లీషు కథ ఇదే. బడిలో పాఠం ఉంది, పరీక్ష ఉంది, పాస్ మార్కులూ ఉన్నాయి. క్యాంపస్ ఇంటర్వ్యూలో 'టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్' అనగానే పాలసీ సరెండర్ చేస్తే చేతికి ఏమీ రాదు. అప్పుడు కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో 1949 నాటి నార్మన్ లూయిస్ 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' కొంటాడు, లేదా కపిల్‌దేవ్ ప్రకటనల్లో మెచ్చుకున్న రాపిడెక్స్. నార్మన్ లూయిస్ మంచి పుస్తకమే. కాకపోతే అప్పటికే ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగిన అమెరికన్‌కి నాలుగు పెద్ద మాటలు నేర్పడానికి రాసింది. రీడర్స్ డైజెస్ట్‌లో 1945 నుంచి వచ్చిన 'వర్డ్ పవర్' శీర్షిక కూడా అలాంటిదే. పునాది లేని ఇంటికి మేడ మీద పిట్టగోడ కట్టించినట్టు.

వెస్ట్ ఏం చేశాడంటే, రీడర్లలో మాటల్ని లెక్కపెట్టాడు. పాఠాల్లో అవసరం లేని పాత పుస్తకాల మాటలు గుట్టలుగా ఉన్నాయి. కొత్త మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, వచ్చిన మాట మళ్ళీ కనపడటం లేదు. ఆయన తిరగరాసిన 'న్యూ మెథడ్' రీడర్లలో దాదాపు యాభై మాటలకి ఒక కొత్త మాట చొప్పున వస్తుంది, వచ్చింది మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. పిల్లాడు దాన్ని వల్లించక్కర్లేదు, కథ చదువుతుంటే అంటుకుంటుంది. తర్వాత 1935లో జేమ్స్ ఎండికాట్‌తో కలిసి ఒక డిక్షనరీ వేశాడు. అందులో ఇరవై నాలుగు వేల మాటలూ పలుకుబళ్ళూ ఉన్నాయి, వాటికి అర్థాలు చెప్పడానికి వాడినవి మాత్రం 1490 మాటలే. తెలీని మాటకి అర్థం చూస్తే అందులో ఇంకో తెలీని మాట, దానికి చూస్తే మొదటి మాట... ఈ సర్క్యులర్ డిపెండెన్సీ అందరం అనుభవించిందే కదా. దాన్ని విడగొట్టిన మొదటి మనిషి ఈయనే. 1953లో వచ్చిన ఆయన 'జనరల్ సర్వీస్ లిస్ట్' లో సుమారు రెండు వేల మాటలున్నాయి. ఒక్కో మాటకి ఉన్న అర్థాల్లో ఏది ఎంత శాతం వాడతారో కూడా ఇచ్చాడు. కంప్యూటర్లు లేని రోజుల్లో యాభై లక్షల మాటల పాఠాన్ని మనుషులు కూర్చుని లెక్కపెట్టిన అంకెలు అవి.

ఢాకా నుంచి జపాన్‌కి వెళ్దాం. 1924లో ఏ.ఎస్. హార్న్‌బీ అనే కుర్రాడు ఓయిటా ఊళ్ళో ఇంగ్లీషు సాహిత్యం చెప్పడానికి వెళ్ళాడు. విద్యార్థులకి కావల్సింది సాహిత్యం కాదు, భాష అని ఆయనకి త్వరగానే అర్థమైంది. టోక్యోలో అప్పటికే హెరాల్డ్ పామర్ నడుపుతున్న పరిశోధన సంస్థతో కలిశాడు. గేటన్‌బీ, వేక్‌ఫీల్డ్ అనే ఇద్దరితో కలిసి ఒక డిక్షనరీ మొదలెట్టాడు. 1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులేసింది, హార్న్‌బీ శత్రుదేశస్థుడయ్యాడు, నిర్బంధంలో పెట్టారు. విచిత్రమేమిటంటే ఆ ఇంగ్లీషు డిక్షనరీని ఒక జపాన్ ప్రచురణకర్త, కైతాకుషా, సరిగ్గా యుద్ధం మధ్యలో 1942లో అచ్చువేశాడు! అదే ఏడాది హార్న్‌బీని ఇంగ్లండుకి పంపేశారు. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఆ పేజీలనే ఫోటో తీసి మళ్ళీ వేశారు. మనం ఇప్పటికీ కొనే 'ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్' అదే.

ఇందులో కొత్తదనం ఏమిటి? జాన్సన్‌కీ మర్రేకీ ఉదాహరణ అంటే సాక్ష్యం. హార్న్‌బీకి ఉదాహరణ అంటే నమూనా. నువ్వు కూడా ఇలా ఒక వాక్యం కట్టు అని. అందుకే ఆయన రచయితల వాక్యాలు ఇవ్వలేదు, తనే చిన్న చిన్నవి కట్టి ఇచ్చాడు. క్రియలన్నిటినీ ఇరవై ఐదు ప్యాటర్న్‌లుగా విడగొట్టి, ఏ క్రియ ఏ ప్యాటర్న్‌లో నడుస్తుందో నంబర్లు వేశాడు.

మనవాళ్ళకి దీని విలువ తెలియాలంటే 'సజెస్ట్' చూడండి. 'అడ్వైజ్' కీ 'సజెస్ట్' కీ తెలుగులో అర్థం ఒకటే, సలహా ఇవ్వడం. 'హి అడ్వైజ్డ్ మి టు గో' బాగానే ఉంది. దాన్ని చూసి 'హి సజెస్టెడ్ మి టు గో' అంటాం, అది నడవదు. 'ఎక్స్‌ప్లెయిన్ మి' నడవదు. 'డిస్కస్ అబౌట్' నడవదు. వీటిల్లో అర్థం తెలియకపోవడం అన్న సమస్యే లేదు. మన భాషలో చెప్పాలంటే, అర్థం అనేది ఫంక్షన్ పైన రాసిన కామెంట్. ప్యాటర్న్ అనేది సిగ్నేచర్. కామెంట్ చదివి కాల్ చేస్తే కంపైల్ ఎర్రర్ వస్తుంది. మనుషులతో ఇంకా ప్రమాదం, ఎర్రర్ రాదు, అవతలివాడు మనసులో ఒక మార్కు తగ్గించి ఊరుకుంటాడు.

ఒక్కోసారి ఊరుకోడు కూడా. నేను ఇదివరకు పనిచేసిన ఒక ప్రాజెక్టులో మా టీమ్ అమ్మాయి ఒకామె, పనిలో మా అందరికంటే చురుకు, అవతలి ఆర్కిటెక్టు డిజైన్ పంపితే 'ఐ హావ్ సమ్ డౌట్స్ అబౌట్ యువర్ డిజైన్' అని జవాబు రాసింది. మన మనసులో డౌటు అంటే అడగాల్సిన ప్రశ్న. క్లాసులో చెయ్యెత్తి అడిగేది. అది పూర్తిగా తెలుగు మాటైపోయింది, 'సందేహం' అనడం మానేశాం కూడా. అవతలాయనకి మాత్రం 'నీ డిజైన్ మీద నాకు నమ్మకం లేదు' అని వినపడింది. రెండు రోజులు చల్లటి మెయిల్స్ నడిచాయి, చివరికి కాల్ పెట్టుకుంటే ఆమె అడిగినవి నాలుగే నాలుగు మామూలు ప్రశ్నలు. సద్దుమణిగింది. కానీ ఆ తర్వాత ఆన్‌సైట్‌కి ఎవర్ని పంపాలన్న మాట వచ్చినప్పుడు 'కమ్యూనికేషన్' అన్న ఒక్క మాటతో ఆమె పేరు పక్కకి వెళ్ళింది. ఏ డిక్షనరీ తీసి చూసినా డౌట్ అంటే సందేహమే. ఆమె రాసిన దాంట్లో అర్థం తప్పు ఎక్కడుంది?

ఈ తమాషాని పద్ధతి ప్రకారం చూపించింది జార్జ్ మిల్లర్. మనకి ఏడు ప్లస్ ఆర్ మైనస్ రెండు అన్న అంకెతో పరిచయమైన సైకాలజిస్టు. 1985లో ప్రిన్‌స్టన్‌లో వర్డ్‌నెట్ మొదలుపెట్టింది కూడా ఆయనే. 1987లో ప్యాట్రీషియా గిల్డియాతో కలిసి సైంటిఫిక్ అమెరికన్‌లో ఒక వ్యాసం రాశాడు. ఇంగ్లీషే మాతృభాష అయిన స్కూలు పిల్లలకి డిక్షనరీ అర్థాలు ఇచ్చి వాక్యాలు కట్టమంటే ఏమైందో అందులో ఉంది. 'ఎరోడ్' కి డిక్షనరీలో 'ఈట్ అవుట్' అని ఉంది, అంటే తినేస్తూ పోవడం. పిల్లేమో దాన్ని హోటల్లో తినడం అనుకుని, మా ఇంట్లో వాళ్ళం తరచూ ఎరోడ్ అవుతుంటాం అన్న తీరులో రాసింది. 'స్టిములేట్' అంటే కదిలించడం అని చూసిన ఇంకో పిల్ల సూప్‌ని స్టిములేట్ చేయించింది. వాళ్ళ భాషలో వాళ్ళ పిల్లలకే ఇలా ఉంటే మన సంగతి చెప్పేదేముంది.

అసలు మాట అర్థం ఎక్కడుంటుంది? దీనికి నాకు తెలిసిన మంచి జవాబు జె.ఆర్. ఫర్త్‌ది. 1919 నుంచి 1928 దాకా లాహోర్‌లో పంజాబ్ యూనివర్సిటీలో ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా ఉన్నాడు. తర్వాత లండన్ వెళ్ళి పెద్ద భాషాశాస్త్రవేత్త అయ్యాడు. మనిషిని స్నేహితుల్ని బట్టి అంచనా వేసినట్టే మాటని కూడా దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవాలి అన్నది 1957లో ఆయన చెప్పిన సంగతి. ఆ సంప్రదాయం నుంచి వచ్చిన జాన్ సింక్లెయిర్ 1980లో బర్మింగ్‌హామ్‌లో కాలిన్స్ కంపెనీతో కలిసి పుస్తకాలూ పత్రికలూ మాటలూ కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలెట్టాడు. కోట్ల సంఖ్యలో మాటలు. 1987లో వచ్చిన కోబిల్డ్ డిక్షనరీలో ప్రతి ఉదాహరణా ఎవరో నిజంగా అన్నదీ రాసిందే, ఎడిటర్ కట్టినది కాదు. అర్థాలు కూడా మామూలు పూర్తి వాక్యాల్లోనే ఇచ్చారు.

కంప్యూటర్ తెరమీద ఒకే మాట ఉన్న వందల లైన్లు ఒకదాని కింద ఒకటి పేర్చి చూస్తే అంతకుముందు ఎవరికీ కనపడని సంగతులు బయటపడ్డాయి. 'సెట్ ఇన్' అంటే మొదలై స్థిరపడటం అని ఏ డిక్షనరీ అయినా చెబుతుంది. సింక్లెయిర్ లైన్లు చూస్తే సెట్ ఇన్ అయ్యేవన్నీ దాదాపు చెడ్డవే. కుళ్ళు, నిరాశ, ఇన్‌ఫెక్షన్. సంతోషం సెట్ ఇన్ అవదు. 'కాజ్' కూడా అంతే. అర్థం ప్రకారం కారణం కావడం, సావాసం చూస్తే ప్రమాదం, నష్టం, జబ్బు.

ఇంగ్లీషు మనిషిని అడిగితే ఇది చెప్పలేడు, వాడేటప్పుడు మాత్రం తప్పడు. మనమూ అంతే. 'నిర్వాకం' చూడండి. నిర్వహించడం నుంచి వచ్చిన మర్యాదైన మాట. 'నీ నిర్వాకం చూశాలే' అంటే ఏ తెలుగువాడైనా మెచ్చుకున్నారనుకుంటాడా? 'నీ పుణ్యమా అని' అంటే రైలు తప్పిందనే గానీ లాటరీ తగిలిందని ఎంతమంది అంటారు? ఘనకార్యం, ఉద్ధరించడం, అన్నీ ఇదే వరస. తెలుగు నేర్చుకుంటున్న ఒక జర్మన్ ఇంజినీరు నిఘంటువు చూసి తన మేనేజరుకి 'మీ నిర్వాకం చాలా బాగుంది' అని మెయిల్ పెట్టాడనుకోండి... మన 'డౌట్స్' మెయిల్ వాళ్ళకి సరిగ్గా అలా కనపడుతుంది.

కోబిల్డ్‌తో నాకు పూర్తి ఏకీభావం లేదు. నిజమైన వాక్యాలు నిజంగానే గజిబిజిగా ఉంటాయి. ఒక మాట తెలుసుకుందామని వెళ్తే అందులో ఎవరో ఎంపీ, ఏదో ఊరు, ఇంకో మూడు తెలీని మాటలు. మొదట్లో ఉన్నవాడికి హార్న్‌బీ కట్టిన చిన్న వాక్యమే మేలు. ఆ గజిబిజి తట్టుకునే స్థాయికి వచ్చాక సింక్లెయిర్. ఇద్దరిలో ఎవరు గొప్ప అని పండితులు కొట్టుకున్నారు గానీ, బడికి వెళ్ళే పిల్లాడికీ ఆఫీసుకి వెళ్ళే మనకీ కావల్సిన వాక్యం ఒకటి కాదు కదా.

ఫర్త్ మాట తర్వాత ఎక్కడ తేలిందో మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2013లో గూగుల్‌లో మికొలోవ్ బృందం వర్డ్‌టువెక్ తెచ్చింది. దానికి డిక్షనరీ ఇవ్వలేదు, ఒక్క అర్థం చెప్పలేదు. ఏ మాట పక్కన ఏ మాటలు వస్తున్నాయో మాత్రమే చూపించారు. అంతమాత్రంతో రాజుకీ రాణికీ ఉన్న సంబంధం పట్టుకుంది. ఆ తర్వాత వచ్చిన పెద్ద పెద్ద లాంగ్వేజ్ మోడల్స్ కూడా పక్క మాటల్ని చూసి నేర్చుకున్నవే. మెషీన్‌కి వాక్యాలు మేపి, మనం మాత్రం ఇంకా కార్డుల మీద ఈక్వల్ టు గుర్తుతో కుస్తీ పడుతున్నాం.

సింక్లెయిర్ చేసిన పని చిన్నపాటిగా ఎవరైనా చెయ్యొచ్చు. మీ మెయిల్ బాక్సుని టెక్స్ట్‌గా తీసి, ఒక మాట మీద గ్రెప్ కొట్టి, అటు ఐదు మాటలు ఇటు ఐదు మాటలు పేర్చుకోవడమే, పదిహేను లైన్ల పైథాన్. నేను మా ప్రాజెక్టు మెయిల్స్ మీద 'రివర్ట్' తో మొదలెట్టాను. అవతలివాళ్ళు రాసిన ప్రతి లైన్లోనూ పక్కన కమిట్, బిల్డ్, ప్యాచ్ లాంటి మాటలున్నాయి, అంటే చేసిన మార్పు వెనక్కి తియ్యమని. మనవాళ్ళ లైన్లలో పక్కన కైండ్లీ, ఎర్లియెస్ట్, అవెయిటింగ్. అంటే జవాబివ్వమని. ఒకే మాట, రెండు గుంపులు, ఎక్కడా కలవలేదు. మధ్యలో ఒక్క లైను మాత్రం ఉంది, మనవాడు రిలీజ్ ముందు రోజు రాత్రి పంపినది: 'ప్లీజ్ రివర్ట్ ఆన్ ది బిలో చేంజ్'. దానికి వచ్చిన జవాబు రెండు మాటలు, 'రివర్టెడ్. వై?'